టిక్కు పెట్టిన పెద్దమనిషి

ఆదిశేషుకి మైకు అందితే మైకం కమ్మేస్తుందని డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తెలుసు. పెళ్ళిరోజుల్లో నవ్వించాడు, పుట్టినరోజుల్లో నవ్వించాడు, ఆఖరికి ఒక సంతాపసభలో కూడా నవ్వించాడు. పోయినాయన ఉంటే ఆయనా నవ్వేవాడేనని ఇంటికొచ్చాక భార్యకి సర్దిచెప్పుకున్నాడు. ఫ్రిస్కోని ఆనుకుని ఉన్న ఊళ్ళో పంతొమ్మిదేళ్ళ కాపురం, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్ ఉద్యోగం, యాభై మూడేళ్ళ వయసు, రెండు మోకాళ్ళలోనూ నొప్పి. అలాంటి మనిషి ఈ ఏడాది స్కూల్ బోర్డు ఎన్నికకి 'రన్' చేస్తున్నాడంటే ముందు నవ్వింది ఆయన భార్య పద్మినే.

"మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళమంటే కారు తీస్తారు. మీరు రన్ చేయడమేంటండీ?"

"పరుగు కోసం కాదే, పరువు కోసం."

పరువు మాట ఊరికే అనలేదు. మూడేళ్ళ కిందట స్కూల్ బోర్డు సరిహద్దులు మార్చి, వీళ్ళ సబ్‌డివిజన్ కాలనీ పిల్లల్ని నడిచివెళ్ళే బడి నుంచి తీసేసి హైవే అవతలి బడికి తోసింది. తెలుగువాళ్ళు అరవైమంది ఒకేలాంటి టీషర్టులు వేసుకుని మీటింగ్‌కి వెళ్ళారు. అందరూ మాట్లాడారు. అంతా విన్నాక బోర్డులోని ఒక పెద్దాయన ముందున్న కాగితం చూసి, "పోయిన ఎన్నికలో మీ సబ్‌డివిజన్ మొత్తం మీద ఓటేసింది పదకొండుమంది" అన్నాడు. వెటకారమేం లేదు, మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే ఆదిశేషు చెవులు ఎర్రబడ్డాయి. ఆ పదకొండుమందిలో తను లేడు. పౌరసత్వం వచ్చి అప్పటికి ఆరేళ్ళు.

ఆ రోజు నుంచి ఆయనకి చిన్న ఎన్నికల పిచ్చి పట్టింది. ప్రెసిడెంట్‌ని ఎన్నుకోడానికి ఎగబడే జనం, పిల్లల బస్సు ఏ రోడ్డున తిరగాలో తేల్చే ఏడుగురిని ఎన్నుకోడానికి ఇల్లు కదలరు. నూటికి ఏడుగురు కదిలితే గొప్ప. నీళ్ళూ మురుగూ చూసుకునే బోర్డు ఇంకోటుంది, దాన్ని 'మడ్' అంటారు. ముందు దానికే నిలబడదామనుకుని, "మడి కట్టుకునే ఇంట్లో పుట్టి మడ్‌లో ఎలా దిగనూ" అని స్కూలు వైపు తిరిగాడు. అయితే ముందు ఓటర్లు కావాలి. ఓటరు లేనివాడికి మిగిలేది ఓటమే! అందుకని ఎన్నికలు నడిపే కౌంటీ వాళ్ళ శిక్షణకి వెళ్ళి, ఊళ్ళోవాళ్ళని ఓటర్లుగా చేర్పించే డిప్యూటీ రిజిస్ట్రార్ అయ్యాడు. జీతం లేని డిప్యూటీ, డ్యూటీ మాత్రం బోలెడు. ఆ సర్టిఫికెట్ ఫ్రిజ్ తలుపు మీదికెక్కింది.

ఇక్కడ ఆయనకున్న ఒక అలవాటు గురించి చెప్పాలి. ఆదిశేషుకి ఫారాలు నింపడంలో మంచి పేరు. హైదరాబాద్ నుంచి వచ్చే విమానాల్లో కస్టమ్స్ కాగితాలు పంచే రోజుల్లో, ఆయన సీటు చుట్టూ పెద్దవాళ్ళు పాస్‌పోర్టులు పట్టుకుని "బాబూ, కాస్త ఇది నింపిపెట్టవూ" అని నిలబడేవాళ్ళు. ఒక ప్రయాణంలో పద్దెనిమిది నింపాడు. విత్తనాలు తెచ్చారా, మాంసం తెచ్చారా, తినే సరుకులు తెచ్చారా అన్నిటికీ అడక్కుండానే 'నో'. ఆవకాయ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మామ్మగారిక్కూడా 'నో'నే. వాళ్ళు చదవకుండా సంతకం పెట్టేవాళ్ళు, ఈయన అడక్కుండా నింపేవాడు. ఉభయులకీ హాయి.

పోయిన నవంబర్లో కార్తీక వనభోజనాలకి పార్కులో పులిహోర పళ్ళాల పక్కనే ఒక బల్ల వేసి, 'ఇక్కడ ఓటు వడ్డించబడును' అని అట్ట కట్టాడు. ముందురోజు మధ్యాహ్నం క్రికెట్ చూస్తూ, పని తేలికవుతుందని, యాభై దరఖాస్తుల్లోనూ పైనున్న రెండు గడులూ తనే నింపేశాడు. అమెరికా పౌరులేనా? అవును, టిక్కు. పద్దెనిమిదేళ్ళు నిండాయా? అవును, టిక్కు. ఆ ప్రశ్న ఒక్కొక్కరినీ నోటితో అడగాలని శిక్షణలో చెప్పారు. చెప్పినప్పుడు ఆదిశేషు పక్కనున్నాయనకి ఏదో జోకు చెబుతున్నాడు.

ఆ ఒక్కరోజే నలభై ఒక్క సంతకాలయ్యాయి.

ఆ నలభై ఒకటి ఆయన నోట్లో తారకమంత్రమైపోయింది. జనవరిలో అభ్యర్థిగా నామినేషన్ వేసేటప్పుడు చెప్పాడు. కాఫీ మీటింగుల్లో చెప్పాడు. తన ప్రచారానికి ట్రెజరర్‌గా భార్య పేరే రాసి, "ఇంటి తాళాలు ఉన్నచోటే ప్రచారం తాళాలు కూడా" అని, ఆ మాట తర్వాత కూడా నలభై ఒకటే చెప్పాడు.

ఏప్రిల్ మొదటి శనివారం మధ్యాహ్నం ఆ నలభై ఒక్కమందినీ పేరుపేరునా పలకరించడానికి బయల్దేరాడు. పద్మిని డ్రైవ్ చేస్తోంది. ఆరో ఇల్లు శ్రీలేఖది. ఆమె ఆసుపత్రిలో నర్స్ ప్రాక్టీషనర్, ఆదిశేషుని "అన్నయ్యా" అని నోరారా పిలుస్తుంది. ఆ రోజు డ్యూటీలో ఉంది. తలుపు తీసింది ఆమె తల్లి నాగమల్లేశ్వరి, అరవై ఎనిమిదేళ్ళావిడ, తెనాలి దగ్గర హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై ఐదేళ్ళ కిందట కూతురి దగ్గరికి వచ్చేసింది.

"రా బాబూ, రా. నా ఓటు నీకేనని మా మనవరాలు హాసినితో ఎప్పుడో చెప్పాను."

"మీ ఓటు పడిందంటే సీటు నా నోట్లో పడ్డట్టే టీచర్‌గారూ!"

"ఒక్క నిమిషం ఉండు, నీకోటి చూపించాలి." ఆవిడ లోపలికెళ్ళి దేవుడి అలమరలోంచి ఓటరు కార్డు తీసుకొచ్చింది. దాని మూల కుంకుమ బొట్టు పెట్టి ఉంది. "పదకొండుసార్లు ఎలక్షన్ డ్యూటీ చేశానయ్యా. వానలో తడుస్తూ లారీలో కూర్చుని బ్యాలెట్ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను, చంటిపిల్లని మోసినట్టు. మనుషుల్ని నిలబెట్టి వేళ్ళకి సిరా పూశాను. ఇక్కడ చూడు, ఇంటికే కార్డు పంపించారు. సిటిజన్‌షిప్ రాకుండానే ఓటిచ్చారంటే మంచి దేశమే."

ఆదిశేషు మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. తీసేయడం చేతకాలేదు.

"సిటిజన్‌షిప్... రాలేదాండీ?"

"సెప్టెంబర్లో అర్జీ పెట్టాను, ఈ నెల పద్నాలుగున ఇంటర్వ్యూ. ప్రశ్నలన్నీ వచ్చేశాయి. మా హాసిని రోజూ అప్పజెప్పించుకుంటోంది, తప్పొస్తే గుంజీళ్ళు తీయమంటోంది."

"ఆ రోజు పార్కులో నేను మిమ్మల్ని అడగలేదాండీ?"

"నువ్వెక్కడ అడిగావు? నేనే అడిగాను. 'నాది గ్రీన్ కార్డు బాబూ, ఫరవాలేదా' అని. కళ్ళజోడు కార్లో ఉండిపోయింది నాకు. 'సంతకం పెట్టండమ్మా, మిగతాది నేను చూసుకుంటాను' అన్నావు. అప్పుడు మైకులో ఎవరినో ఆటపట్టిస్తున్నావులే."

ఆయనకి ఆ మాట జ్ఞాపకం లేదు. ఆ రోజు మైకులో చెప్పిన జోకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉంది. జనం ఎంతసేపు నవ్వారో కూడా.

పౌరులు కానివాళ్ళు ఓటరుగా నమోదైతే ఏమవుతుందో శిక్షణలో ఆయన చెవిన పడ్డ కొద్ది ముక్కల్లో ఒకటి. పౌరసత్వం ఇవ్వకపోవచ్చు. ఉన్న గ్రీన్ కార్డుకే ఎసరు రావచ్చు. 'నేను అమెరికా పౌరురాలిని' అని సంతకం పెట్టి మరీ చెప్పినట్టు కాగితంలో ఉంది. ఆ టిక్కు ఆదిశేషుది, సంతకం ఆవిడది.

ఇక్కడిదాకా జరిగింది తప్పు. తప్పులు అందరూ చేస్తారు. ఆ గుమ్మంలో నిలబడి ఆయన తర్వాత చేసినదే వేరు.

"ఆ కార్డు ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు. ఆవిడ ఇచ్చింది. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఓటుకి మాత్రం వెళ్ళకండి. ఒంట్లో బాగోలేదనండి. ఇంటర్వ్యూలో ఓటరుగా నమోదయ్యారా అని అడుగుతారు..."

"అడిగితే?"

"లేదనండి. ఒక్క ముక్క. మీరు సెప్టెంబర్లో పెట్టిన అర్జీలో కూడా లేదనే ఉంటుంది కదా. అదే మాట మళ్ళీ చెప్పడం."

"అప్పుడు నిజంగానే లేదు." ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ప్రమాణం చేయించి అడుగుతారట కదా బాబూ?"

"అదంతా ఫార్మాలిటీ అండీ."

ముప్పై నాలుగేళ్ళు పిల్లల మొహాలు చదివిన మనిషి. ఆవిడ కోప్పడలేదు, ఎదురు ప్రశ్న వేయలేదు. హోంవర్క్ చేయకుండా కడుపునొప్పని చెప్పే పిల్లాణ్ణి చూసినట్టు ఒక్క క్షణం చూసి, కళ్ళు దించుకుంది. సిగ్గుపడింది ఆవిడ. ఆయన పడాల్సిన సిగ్గు!

"శ్రీలేఖకి చెప్పనా?"

"ఇప్పుడే వద్దులెండి."

"సరే. నీకు తెలుసుగా."

కార్లో కూర్చోగానే పద్మిని అడిగింది, "ఏమన్నారండీ టీచర్‌గారు?"

"ఓటు నాకేనట" అన్నాడు. మాట నిజమే. అంత మురికి నిజం ఆయన నోటివెంట అంతకుముందెప్పుడూ రాలేదు.

మంగళవారం సాయంత్రం లైబ్రరీలో అభ్యర్థుల చర్చ. ముగ్గురు అభ్యర్థులు, ముగ్గురికీ మూడు నీళ్ళ సీసాలు. ఆదిశేషుకి ఇంగ్లీషులో కూడా శ్లేష పలుకుతుంది. రెండో నిమిషానికే హాలంతా నవ్వింది. తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఒకామె లేచి, "మీటింగ్ ముందు బోర్డు సభ్యులకి రెండువందల పేజీలు పంపుతారు. మీరు చదివి సంతకం పెడతారా, చదవకుండా పెడతారా?" అని ముగ్గురినీ అడిగింది. మొదటాయన చదువుతానన్నాడు. రెండో ఆవిడ పక్కన నోట్సు కూడా రాస్తానంది. ఆదిశేషు, "నా పెళ్ళి సర్టిఫికెట్ తర్వాత చదవకుండా దేనిమీదా సంతకం పెట్టలేదండీ" అన్నాడు. నవ్వులే నవ్వులు. పద్మిని కూడా నవ్వింది. శనివారం నుంచి చొక్కా మారినా జేబు వదలని కార్డు ఆయన గుండెకి గుచ్చుకుంది. అది ప్లాస్టిక్ కార్డు కూడా కాదు, ఉత్త కాగితం.

రెండో వరసలో నాగమల్లేశ్వరి కూర్చుని ఉంది. అందరితోపాటు చప్పట్లు కొట్టింది, నవ్వలేదు. చర్చ అయ్యాక జనం ఫొటోలకి ఎగబడుతుంటే, ఆవిడ పక్కన నిలబడి వంతు వచ్చేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంటర్వ్యూ వాయిదా వేయించుకోనా బాబూ? నీ ఎలక్షన్ అయిపోయాక వెళ్తాను. ఇప్పుడు వెళ్తే నేను అబద్ధం చెప్పలేను, నిజం చెబితే నీకు ఇబ్బంది."

"అలా చేస్తే బాగుంటుందండీ" అన్నాడు ఆదిశేషు.

ఆలోచించడానికి ఒక్క గుక్క గాలైనా పీల్చలేదు. పైగా "థాంక్సండీ" అని కూడా అన్నాడు. ఆవిడ ఆయన భుజం తట్టి, ఒక్కతే పార్కింగ్ లాట్‌లోకి నడిచివెళ్ళి కూతురి కారు కోసం నిలబడింది. ఆయన ఇంకో పదకొండు ఫొటోలకి నవ్వాడు.

మర్నాడు పొద్దున చొక్కా వాషర్లో వేయబోతూ పద్మిని జేబు తడిమింది. కార్డు తీసింది. చొక్కా జేబుకి కుంకుమ అంటి ఎర్రగా ఉంది. పేరు చదివింది, కార్డు తిప్పి చూసింది, వంటింట్లో కాఫీ తాగుతున్న మొగుడి ముందు పెట్టింది.

"టీచర్‌గారి కార్డు మీ జేబులో ఎందుకుందండీ?"

"పడిపోతే తీశాను."

"దేవుడి దగ్గర పెట్టుకున్న కార్డు మీ జేబులో పడిపోయిందా?"

ఆయన ఏదో అనబోయాడు. ముప్పై ఏళ్ళలో ఇలాంటప్పుడు ఒక మాటని ఇంకో మాటతో ముడివేసి ఆవిణ్ణి నవ్వించి తప్పించుకున్న సందర్భాలు బోలెడు. ఈసారి ముడి పడలేదు. మొత్తం చెప్పేశాడు. పార్కు, టిక్కులు, గుమ్మం, లేదని చెప్పమన్నది, లైబ్రరీలో వాయిదా. ఒక్కో ముక్కా చెబుతుంటే కాఫీ మీద మీగడ కట్టింది.

పద్మిని కార్డుని కాఫీ కప్పు దగ్గర్నుంచి పక్కకి జరిపింది. తర్వాత, "టిక్కు పెట్టారు, సరే. అబద్ధం చెప్పమన్నారా? ఆవిడతో?" అంది.

"భయపడ్డానే."

"ఎవరికోసం?"

దానికి ఆయన దగ్గర జవాబు ఉంది, కానీ చెప్పుకునేది కాదు.

"మీ ప్రతి కాగితం మీదా ట్రెజరర్‌గా నా సంతకం ఉంది" అంది పద్మిని. "దీనిమీద మాత్రం పెట్టను. శ్రీలేఖకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయనే వెళ్ళాడు. శ్రీలేఖ డ్యూటీ బట్టల్లోనే ఉంది. ఆయన చెబుతున్నంతసేపూ నిలబడే వింది, కూర్చోమనలేదు. లోపల హాసిని గొంతు వినిపిస్తోంది, "నో అమ్మమ్మా, హండ్రెడ్ సెనేటర్స్! మళ్ళీ చెప్పు."

"మా అమ్మ శనివారం నుంచి సరిగ్గా తినడం లేదు" అంది శ్రీలేఖ. "బీపీ అనుకున్నాను. రోజూ చూస్తున్నాను. నాకెందుకు చెప్పలేదమ్మా అని ఇప్పుడు అడిగినా ఏమంటుందో తెలుసా? 'ఆ అబ్బాయి చెప్పొద్దన్నాడే' అంటుంది."

"తప్పయిపోయింది శ్రీలేఖా."

"ఇంటర్వ్యూ వాయిదా వేయమని నిన్న ఆవిడే నన్ను అడిగింది. నీరసంగా ఉందేమోనని రాత్రే అర్జీ రాద్దామనుకున్నాను, ఆదిశేషు గారూ."

అన్నయ్య పోయి గారు వచ్చింది. మనవాళ్ళలో మర్యాద ఒక్కొక్కసారి తిట్టుకన్నా గట్టిగా తగులుతుంది. ఆయన తలవంచుకుని విన్నాడు. కార్డు శ్రీలేఖ చేతికిచ్చాడు.

గురువారం తల్లీకూతుళ్ళూ, ఆదిశేషూ లాయర్ దగ్గరికి వెళ్ళారు. శ్రీవత్స ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, ఇమిగ్రేషన్ కేసులు చూస్తాడు. ఆదిశేషు నడిపిన ఒక కార్యక్రమంలో ఈ కుర్రాడు చిన్నప్పుడు స్టేజి మీద పద్యం మర్చిపోయి ఏడిస్తే, మైకులో ఆయన చెప్పిన జోకుకి జనమంతా నవ్వారు. ఆ సంగతి ఆదిశేషుకి ఆ గదిలో కూర్చున్నాకే తట్టింది.

"ఆంటీ ఓటు వెయ్యలేదు కదా? గుడ్. అది చాలా గుడ్" అన్నాడు శ్రీవత్స. "ఫస్ట్, రిజిస్ట్రేషన్ కాన్సిల్ చేద్దాం. ఇంటర్వ్యూకి వెళ్ళాలి, పోస్ట్‌పోన్ వద్దు, అది ఇంకా బ్యాడ్‌గా కనిపిస్తది. ఆఫీసర్ అడగకముందే ఆంటీ తనే చెప్పాలి. అండ్ అంకుల్, మీరు ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ప్రమాణం చేసి. ఆ బాక్స్ మీరే టిక్ చేశారు, ముందు రోజు, ఆంటీని అడగలేదు, ఆంటీ అడిగితే మీరు వినలేదు. అన్నీ."

"లేదని చెప్పమన్నది కూడానా?"

"అది మీ ఇష్టం అంకుల్. ఆంటీకి దాని వల్ల హెల్ప్ ఉంటది, షీ రిఫ్యూజ్‌డ్ అని తెలుస్తది. మీకు మాత్రం..." కుర్రాడు తెలుగు మాట కోసం వెతుక్కున్నాడు. "మీకు బాగుండదు. మీకు సెపరేట్ లాయర్ కావాలి. ఈ పేపర్ కౌంటీకి కూడా వెళ్తది, అక్కడ ఎవరడిగినా ఇస్తారు, న్యూస్‌వాళ్ళకి కూడా. మీరు క్యాండిడేట్ కదా."

"ఇంతా చేస్తే టీచర్‌గారికి వచ్చేస్తుందా?"

"చెప్పలేం అంకుల్. ఇది లేకపోతే ఛాన్స్ చాలా తక్కువ. ఇదుంటే కొంచెం."

గదిలో అందరూ ఆయనకేసి చూడటం మానేసి బల్లకేసి చూశారు. నాగమల్లేశ్వరి మాత్రం, "వద్దులే బాబూ, నన్ను అడిగినంతవరకు నేను చెప్పుకుంటాను. నువ్వు ఎలక్షన్లో ఉన్నావు" అంది. ఆ మాట ఆవిడ వెటకారానికి అని ఉంటే ఆయనకి ప్రాణం తేలికయ్యేది. ఆవిడ మనస్ఫూర్తిగా అంది.

ఆదిశేషు స్టేట్‌మెంట్ రాశాడు. లేదని చెప్పమన్నది కూడా రాశాడు. మూడు పేజీలైంది. ఆఖరి సంతకానికి ముందు పైనుంచి కిందదాకా చదివాడు. తన చేతి మీదుగా పోయిన వందల కాగితాల్లో ఆయన పూర్తిగా చదివి సంతకం పెట్టినది అదొక్కటే కావచ్చు.

అక్కడినుంచి కౌంటీ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటర్ వెనకున్న ఆవిడ మెళ్ళో కళ్ళజోడు గొలుసు, మొహంలో ఏ భావమూ లేదు. కాగితం అంతా చదివింది. ఫ్రిజ్ మీదనుంచి ఊడదీసి తెచ్చిన డిప్యూటీ సర్టిఫికెట్ తీసుకుని ఒక ట్రేలో పడేసింది. ఇది తమ లాయర్ దగ్గరికి వెళ్తుందని, పిలిస్తే రావాలని చెప్పింది. పోటీనుంచి తప్పుకుంటానన్నాడు. గడువు దాటిపోయింది, బ్యాలెట్ మీద పేరు ఉంటుంది, జనానికి మీరే చెప్పుకోవాలి అంది. ఇంక లేవబోతుంటే, చాలా మామూలుగా అడిగింది.

"ఆ రోజు మొత్తం ఎన్ని?"

"నలభై ఒకటి."

"అన్నిటికీ ముందే టిక్కు పెట్టారా?"

ఆ అంకెని ఆయన ఎన్నిచోట్ల చెప్పాడో, ఎంత గొంతెత్తి చెప్పాడో! ఇక్కడ మాత్రం ఆవిడ రెండోసారి అడిగితే గానీ వినపడనంత చిన్నగా "అవును" అన్నాడు. ఆవిడ రాసుకుంది. వాళ్ళందరికీ ఆఫీసు ఉత్తరాలు పంపుతుంది గానీ చేరేసరికి ఆలస్యం కావచ్చు, ఇరవయ్యో తారీఖున ముందస్తు ఓటింగ్ మొదలవుతుంది అంది. తెలియక ఎవరైనా వెళ్ళి ఓటు వేస్తే అది నేరం కింద... ఆ వాక్యాన్ని ఆవిడ పూర్తిచేయలేదు.

ఆ సాయంత్రం నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తను తప్పుకున్నట్టూ, ఎందుకు తప్పుకున్నాడో కూడా పెట్టాడు. మొదటి పది నిమిషాల్లో వచ్చినవన్నీ నవ్వే బొమ్మలే. ఆయన ఏది రాసినా అలవాటుకొద్దీ వేసే బొమ్మలవి. తర్వాత ఒకరొకరుగా ఆ బొమ్మలు తీసేసుకున్నారు. నవ్వులు వెనక్కి పోవడం ఆయన అదే మొదటిసారి చూడటం.

శుక్రవారం నుంచి మళ్ళీ అవే ఇళ్ళకి బయల్దేరాడు. పద్మిని డ్రైవ్ చేసింది, ప్రతి ఇంటి ముందు ఇంజన్ ఆపి కార్లోనే కూర్చుంది. ఒకటే ప్రశ్న. నవంబర్లో అడగాల్సిన ప్రశ్న. "మీరు అమెరికా పౌరులేనాండీ?" చాలామంది పౌరులే. కొందరు పాస్‌పోర్టు తెచ్చి మొహం ముందు ఆడించారు. లక్ష్మీపతిగారని రిటైరైన సైంటిస్టు, నలభై ఏడేళ్ళ కిందట పౌరసత్వం తీసుకుని, ఇల్లు మారినందుకే పార్కులో సంతకం పెట్టినాయన, "నువ్వు నిక్కర్లేసుకునేటప్పటికే నేను ఇక్కడ ఓటేశానయ్యా, నన్నడుగుతావా? అడగాల్సినప్పుడు అడగవు, అక్కర్లేనప్పుడు అడుగుతావు!" అని గుమ్మంలోనే పావుగంట కడిగేశాడు. అంతా ఉతికాక టీ ఇవ్వబోయాడు. ఆదిశేషు వద్దన్నాడు. తన పేరున్న బోర్డు ఎవరింటి ముందు కనపడినా పీకి, డిక్కీలో బోర్లా పడేసుకున్నాడు.

పద్నాలుగో తారీఖున నాగమల్లేశ్వరి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఆయన్ని రావద్దని శ్రీలేఖ చెప్పింది. సాయంత్రం ఫోన్ పద్మినికి చేసింది, ఆయనకి కాదు. ప్రశ్నలన్నీ కరెక్టు. చదవడం, రాయడం అన్నీ పాస్. నమోదు సంగతి ఆఫీసర్ అడగకముందే చెప్పేసిందట. ఆఫీసర్ ఆదిశేషు రాసిన మూడు పేజీలూ చదివి, కాగితాలు ఫైల్లో పెట్టుకుని, ఈ రోజు ఏ నిర్ణయమూ చెప్పలేను, ఉత్తరం పంపుతాం అన్నాడట. ఎప్పుడో చెప్పలేదట.

"ఇంకేమైనా అన్నారా టీచర్‌గారు?" అని అడిగాడు ఆదిశేషు.

"ఆఫీసర్ మీ కాగితం చదువుతుంటే ఆవిడకి సిగ్గేసిందట" అంది పద్మిని. "మీ తరఫున."

శనివారం సాయంత్రానికి జాబితాలో ముప్పై తొమ్మిది, నలభై పేర్లున్న ఇల్లు. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు, మోకాళ్ళు కిర్రుమన్నాయి. రాఘవులని ఒక పెద్దాయన, కొడుకు దగ్గరికి వచ్చి భార్యతో ఉంటున్నాడు. వాట్సాప్‌లూ గ్రూపులూ లేని మనిషి. తలుపు తీసి ఆదిశేషుని చూడగానే మొహం వికసించింది.

"ఒసేయ్, ఎవరొచ్చారో చూడు! పార్కులో మనల్ని చంపేశాడు చూడూ నవ్వించి, ఆయన!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి, ఆయన ఇంకా నోరు విప్పకముందే నవ్వడం మొదలుపెట్టారు. "ఏదీ బాబూ, ఒకటి వదులు" అన్నాడు పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఆదిశేషు వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగాడు. చాలాసేపు పట్టింది. వాళ్ళు ఎదురుచూస్తూ నవ్వుతున్నారు, ఆయన నవ్వకపోవడం కూడా జోకులో భాగమేననుకున్నారు.

"మీ ఇద్దరూ అమెరికా పౌరులేనాండీ?"

పెద్దాయన ఇంకొంచెం నవ్వాడు. తర్వాత భార్యకేసి చూశాడు. ఆవిడ ఆయనకేసి చూసింది.

"అది ఉండాలా బాబూ?" అన్నాడు.

ఆదిశేషు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు.